పెన్సిల్ మొన ఎక్కడుందో ముందు చెప్పు

ప్రియమైన తమ్ముడికి,

జావాలో కిటికీలు, బటన్లు తయారుచేసే స్వింగ్ లైబ్రరీతో సొంత కర్సర్ (మౌస్‌తో పాటు తెర మీద కదిలే గుర్తు) తయారుచేయడం మీద నువ్వు రాసిన చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. భాష బాగుంది. డిగ్రీ చదివే పిల్లలు ఎక్కడా తడబడకుండా చదువుకోగలరు. బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రామును ఉదాహరణగా ఎంచుకోవడం కూడా మంచి పని చేశావు. కర్సర్ మార్చాల్సిన అవసరం నిజంగా వచ్చేది అలాంటి సాఫ్ట్‌వేర్‌లోనే. కానీ వ్యాసంలో సగం పెన్సిల్ బొమ్మ గీయడానికి, రంగులు ఎంచుకోవడానికి, పీఎన్‌జీ ఫైలుగా దాచుకోవడానికే సరిపోయింది. హాట్‌స్పాట్, అంటే కర్సర్ బొమ్మలో క్లిక్ లెక్కకు వచ్చే ఒక్క పిక్సెల్, దాని గురించి ఉన్నది ఒక్క వాక్యం, "ఇక్కడ రెండు అంకెలు ఇవ్వాలి" అని. అక్కణ్ణుంచే వ్యాసాన్ని తిరగరాయమని అడుగుతున్నాను.

32 పిక్సెళ్ల వెడల్పు, 32 పిక్సెళ్ల ఎత్తు ఉన్న కర్సర్‌లో 1,024 పిక్సెళ్లు ఉంటాయి. వాటిలో పని చేసేది ఒక్కటే. మౌస్ నొక్కినప్పుడు ప్రోగ్రాముకు అందేది ఆ ఒక్క పిక్సెల్ ఉన్న చోటు మాత్రమే. మిగతావన్నీ ఆ చోటు ఎక్కడుందో కంటికి చూపించడానికి ఉన్నవి. పెన్సిల్‌కైతే అది మొన. రంగు పోసే డబ్బాకైతే డబ్బా కాదు, కారుతున్న రంగు చివర. రంగు పీల్చే డ్రాపర్‌కి గొట్టం కొస. ఈ మాట అర్థమైన విద్యార్థి బొమ్మను ఎలా గీయాలో తనే కనుక్కుంటాడు. అర్థం కానివాడు ఎంత అందమైన పెన్సిల్ గీసినా గీత మాత్రం పక్కన పడుతుంది.

1984లో వచ్చిన మొదటి మాకింతోష్‌లో కర్సర్ అంటే మూడే విషయాలు: 16 బై 16 పిక్సెళ్ల నలుపు తెలుపు బొమ్మ, అంతే కొలత ఉన్న మాస్క్ (ఏ గళ్లు కనిపించాలో, ఏవి పారదర్శకమో చెప్పే మరో బొమ్మ), ఒక హాట్‌స్పాట్. ఆ యంత్రం ఐకాన్లు గీసిన సూసన్ కేర్ చేతిలో ఉన్నవి అలాంటి గళ్లే. ఈ చరిత్రను రెండు వాక్యాల్లో చెప్పు, అంతకు మించి వద్దు. ఇప్పుడు రంగులు పెరిగాయి, కొలతలు పెరిగాయి, హాట్‌స్పాట్ మాత్రం అలాగే ఉంది అని పాఠకుడికి తెలిస్తే చాలు. మాస్క్ గురించి మాత్రం ఒక మాట కలుపు. నల్ల కర్సర్ నల్లటి బొమ్మ మీదికి వెళితే కనిపించదు, అందుకే నల్ల బాణం చుట్టూ తెల్ల అంచు గీస్తారు. నీ పెన్సిల్‌కి ఆ అంచు లేదు.

లెక్క ఎక్కణ్ణుంచి మొదలవుతుందో కూడా రాయాలి. మన పిల్లలు గ్రాఫు కాగితం మీద వై విలువ పైకి పెరుగుతుందని నేర్చుకుని వస్తారు. ఇక్కడ పై ఎడమ మూల సున్నా, సున్నా; వై కిందికి పెరుగుతుంది. 32 గళ్లలో చివరి గడి 31. ప్లస్ గుర్తు లాంటి కర్సర్ గీసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. సరిసంఖ్య వెడల్పుకు నడిమి పిక్సెల్ ఉండదు. 31 గళ్లలో గుర్తు గీసి, హాట్‌స్పాట్ 15, 15 దగ్గర పెడితే సరిగ్గా నడుమ కూర్చుంటుంది.

ఇక అసలు సంగతి. నీ వ్యాసం శీర్షికలో "అన్ని ప్లాట్‌ఫారాలకూ" అని ఉంది. నీ ఉదాహరణలో పెన్సిల్ బొమ్మ 24 బై 24. మొన కింద ఎడమ మూలలో ఉంది కాబట్టి హాట్‌స్పాట్‌ని 0, 23 అని ఇచ్చావు. లెక్క ప్రకారం తప్పు లేదు, మ్యాక్‌లో సరిగ్గా పని చేస్తుంది కూడా. మ్యాక్‌లో జావా నువ్వు అడిగిన కొలతనే ఉంచుతుంది. అదే ప్రోగ్రాము మామూలు విండోస్ తెర మీద నడిపి చూడు. అక్కడ వ్యవస్థ ఒప్పుకునేది 32 బై 32. నువ్వు చిన్న బొమ్మ ఇస్తే జావా దాన్ని 32కి సాగదీస్తుంది. హాట్‌స్పాట్‌ను మాత్రం కదపదు. సాగిన పెన్సిల్ మొన 31వ వరుసకు దిగుతుంది, క్లిక్ 23వ వరుసలోనే నమోదవుతుంది. గీత మొనకు 8 పిక్సెళ్లు పైన పడుతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. విద్యార్థి తన మౌస్ పాడైందనుకుంటాడు, లేదా గీత గీసే కోడులో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటాడు.

దీనికి మందు చిన్నదే. జావాలో వ్యవస్థతో మాట్లాడే టూల్‌కిట్ క్లాసులోని గెట్ బెస్ట్ కర్సర్ సైజ్ అన్న మెథడ్‌ను (ఈ వ్యవస్థకు ఏ కొలత కర్సర్ కుదురుతుందో చెప్పేది) ముందు అడగాలి. అది ఇచ్చిన కొలతలో, ఏఆర్‌జీబీ రకంలో (రంగులతో పాటు పారదర్శకతనూ దాచుకునేది) పూర్తి పారదర్శకమైన బఫర్డ్ ఇమేజ్, అంటే మెమరీలో ఉండే బొమ్మ ఒకటి తయారుచేసి, పెన్సిల్‌ను సాగదీయకుండా దాని పై ఎడమ మూలలో అతికించాలి. ఆ పెద్ద బొమ్మను కర్సర్‌గా ఇవ్వాలి. సాగదీయడానికి ఏమీ మిగలదు కాబట్టి మొన, హాట్‌స్పాట్ రెండూ ఒకేచోట ఉంటాయి. 32 అని కోడులో నేరుగా రాసేయవద్దని పాఠకుడికి గట్టిగా చెప్పు. తెర స్కేలింగ్ పెంచిన విండోస్ యంత్రాల్లో ఆ కొలత మారవచ్చు. సొంత కర్సర్లే ఒప్పుకోని వ్యవస్థ అయితే ఆ మెథడ్ సున్నా, సున్నా ఇస్తుంది. దానికీ ఒక షరతు పెట్టాలి. నా అభిప్రాయంలో నీ వ్యాసానికి ప్రాణం ఈ పేరానే. దీన్ని ఎంత నిదానంగా చెబితే అంత మంచిది. ఒక గళ్ల బొమ్మ వేసి, 23వ వరుసనూ 31వ వరుసనూ వేర్వేరు రంగుల్లో గుర్తు పెట్టి చూపించు.

లైనక్స్ మాట నువ్వసలు ఎత్తలేదు. ఎత్తాలి, ఎందుకంటే అక్కడ పాఠకుడికి తగిలే దెబ్బ వేరు. లైనక్స్‌లో తెర మీద కిటికీలు చూపించే ఎక్స్ విండో వ్యవస్థ పాత పద్ధతిలో కర్సర్‌కు ముందు రంగు ఒకటి, వెనక రంగు ఒకటి, ఒక మాస్క్, అంతే ఇస్తుంది. నిండు రంగుల కర్సర్ల కోసం ఎక్స్‌కర్సర్ లైబ్రరీ తర్వాత వచ్చింది గానీ స్వింగ్‌కు పునాది అయిన జావా ఏడబ్ల్యూటీ ఆ పాత దారిలోనే నడుస్తుంది. గరిష్ఠంగా ఎన్ని రంగులని టూల్‌కిట్‌ను అడిగితే అక్కడ వచ్చే జవాబు 2. నీ పసుపు చెక్క, గులాబి రబ్బరు, నల్ల మొన ఉన్న పెన్సిల్ లైనక్స్‌లో రెండు రంగుల ముద్దగా కనిపిస్తుంది. కాబట్టి బొమ్మను ముందు నలుపు తెలుపుల్లోనే పోల్చుకోగలిగేలా గీసి, రంగులు తర్వాత అద్దమని చెప్పు. మెత్తటి నీడలు, సగం పారదర్శకమైన అంచులు ఏ ప్లాట్‌ఫారంలోనూ ఖాయం కాదనుకుని గీయడం మేలు. ఎక్స్ బదులు వేలాండ్ వాడే కొత్త లైనక్స్ డెస్క్‌టాపుల్లోనూ మామూలు జేడీకే (జావా కిట్)తో నడిచే స్వింగ్ ప్రోగ్రాములు, ఎక్స్ ప్రోగ్రాములను వేలాండ్‌లో నడిపే ఎక్స్‌వేలాండ్ మీదుగానే వెళతాయి గనుక అక్కడా ఇదే కథ.

పోలికకు స్వింగ్ లాంటివే అయిన క్యూటీ, జావాఎఫ్‌ఎక్స్ లైబ్రరీల గురించి చెరో రెండు వాక్యాలు రాస్తే బాగుంటుంది. క్యూటీలో హాట్‌స్పాట్ ఇవ్వకపోతే బొమ్మ నడుమ ఉందని అనుకుంటుంది. ప్లస్ గుర్తుకు అది సరే, పెన్సిల్‌కు కాదు. ఏ ప్లాట్‌ఫారంలోనైనా పనిచేస్తుంది కాబట్టి 32 బై 32 వాడమని క్యూటీ డాక్యుమెంటేషనే సలహా ఇస్తుంది. జావాఎఫ్‌ఎక్స్‌లో ఒకే కర్సర్‌కు రకరకాల కొలతల బొమ్మలు కలిపి ఇస్తే, దగ్గరి కొలత ఉన్నదాన్ని ఎంచుకుని, హాట్‌స్పాట్‌ను కూడా ఆ నిష్పత్తిలో జరిపే మెథడ్ ఉంది. స్వింగ్‌లో మన చేత్తో చేయాల్సిన పని అక్కడ లైబ్రరీయే చేస్తుందని తెలిస్తే, ఆ పని ఎందుకు చేయాలో పాఠకుడికి ఇంకా బాగా ఎక్కుతుంది.

ఇప్పుడు రాయడం గురించి. అన్ని ప్లాట్‌ఫారాల సాఫ్ట్‌వేర్ మీద రాసేటప్పుడు ప్రతి వాక్యాన్నీ ఒక ప్రశ్న అడగాలి: ఇది ఏ యంత్రం మీద నిజం? "కర్సర్ మనం ఇచ్చిన బొమ్మలా మారుతుంది" అని రాశావు. మ్యాక్‌లో ఔను. విండోస్‌లో కొలత కుదిరితే ఔను. లైనక్స్‌లో కాదు. ఒకే వాక్యంలో మూడు జవాబులున్నాయి, నువ్వు ఒకటే చెప్పావు. పాఠకుడి దగ్గర ఏ యంత్రం ఉందో నీకు తెలియదు. పైగా మన జిల్లాల్లో కాలేజీ ల్యాబుల్లో విండోసూ ఉంటుంది, ఉబుంటూ (లైనక్స్) ఉంటుంది. ల్యాబులో ఒకటి, ఇంట్లో ఒకటి వాడే పిల్లవాడికి నీ వ్యాసం రెండు చోట్లా నిలబడాలి. అందుకని నువ్వు ఏ యంత్రం మీద, ఏ జావా వెర్షన్‌తో నడిపి చూశావో వ్యాసం మొదట్లోనే రాయి. ఒక ప్లాట్‌ఫారం నీకు దొరకకపోతే దాని గురించి ఊహించి రాయవద్దు. శీర్షికలోంచి "అన్ని" తీసేయి. తక్కువ చెప్పి అది నిజమైతే పాఠకుడు మళ్లీ నీ దగ్గరికి వస్తాడు.

నడిపి చూడడం ఎలాగో కూడా వ్యాసంలో భాగం కావాలి. మౌస్ నొక్కిన చోట ఒకే పిక్సెల్ చుక్క పెట్టే చిన్న ప్రోగ్రాము ఇవ్వు. వ్యవస్థలో ఉన్న మాగ్నిఫయర్ తెరిచి, మొన కిందే చుక్క పడిందో లేదో చూడమను. స్క్రీన్‌షాట్ల జోలికి వెళ్లకు. విండోస్‌లో ప్రింట్ స్క్రీన్ నొక్కితే కర్సర్ రాదు, మ్యాక్‌లో మామూలు స్క్రీన్‌షాట్‌లోనూ రాదు. నీ చిత్తులో "పై చిత్రంలో చూడండి" అన్నచోట కర్సరే లేని కిటికీ ఉంది. దాని బదులు గళ్ల కాగితం మీద పెద్దది చేసిన బొమ్మే వేయి.

బ్రష్ గురించి నువ్వు చివర్లో లేవనెత్తిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. బ్రష్ వెడల్పును చూపించే వృత్తాన్ని కర్సర్‌గా పెట్టవచ్చా అన్నావు. చిన్న బ్రష్‌కు పెట్టవచ్చు. 200 పిక్సెళ్ల బ్రష్‌కు కుదరదు, కర్సర్ కొలతకు హద్దు ఉంటుంది కదా. అప్పుడు చాలామంది పూర్తి పారదర్శకమైన బొమ్మతో కర్సర్‌ను మాయం చేసి, వృత్తాన్ని తామే కాన్వాస్ మీద గీస్తారు. దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది, అది తప్పకుండా చెప్పు. అసలు కర్సర్‌ను కదిలించేది మన ప్రోగ్రాము కాదు, వ్యవస్థ. చాలా యంత్రాల్లో గ్రాఫిక్స్ కార్డే దాన్ని విడిగా తెర మీద కలుపుతుంది. అందుకే మన ప్రోగ్రాము ఏదో లెక్కలో మునిగి స్తంభించినా బాణం కదులుతూనే ఉంటుంది. మనం గీసిన వృత్తం అలా కాదు, తెరను మళ్లీ గీసే మన పెయింట్ కోడు వంతు వచ్చేదాకా ఆగుతుంది. చేయి ముందుకు వెళుతుంది, వృత్తం వెనక నుంచి వస్తుంది. బొమ్మలు గీసేవాళ్లకు అది వెంటనే తెలిసిపోతుంది. నేనైతే చిన్న ప్లస్ గుర్తును నిజమైన కర్సర్‌గా ఉంచి, వృత్తాన్ని దాని చుట్టూ గీయిస్తాను. వృత్తం కాస్త ఆలస్యమైనా చేతికి గురి తప్పదు.

కర్సర్‌ను ఎప్పుడు మార్చకూడదో కూడా రాయి. నువ్వు బటన్ల మీదా మెనూల మీదా కూడా పెన్సిలే పెట్టావు. చూపు తగ్గినవాళ్లు వ్యవస్థ సెట్టింగుల్లో కర్సర్‌ను పెద్దది చేసుకుంటారు, కొందరు దాని రంగు మార్చుకుంటారు. మనం బొమ్మ ఇచ్చిన చోట ఆ ఏర్పాటు వాళ్లకు అక్కరకు వస్తుందన్న భరోసా లేదు. పెన్సిల్ కాన్వాస్ మీద మాత్రమే ఉండాలి. అక్షరాలు టైపు చేసేచోట, కిటికీ అంచులు లాగేచోట, ఆగమని చెప్పేచోట వ్యవస్థ కర్సర్లే వాడాలి. కర్సర్ తయారుచేసే క్రియేట్ కస్టమ్ కర్సర్ మెథడ్‌లో మూడో విలువగా ఇచ్చే పేరును నీ కోడులో "ఎక్స్" అని వదిలేశావు. ఆ పేరు ఉన్నది యాక్సెసిబిలిటీ కోసం, అంటే చూపు తగ్గినవాళ్ల లాంటివారికి సాయపడే సాఫ్ట్‌వేర్ కోసం. పాఠకుడు నీ కోడును ఉన్నదున్నట్టు కాపీ చేసుకుంటాడు కాబట్టి అక్కడ అర్థమున్న పేరే రాయి.

రెండు చిన్న విషయాలు. కదిలే జిఫ్ బొమ్మను కర్సర్‌గా ప్రయత్నించి చూడండని ఒకచోట రాశావు, అది తీసేయి. ఒకటికి మించి ఫ్రేములున్న బొమ్మ చెల్లదని, దానితో క్రియేట్ కస్టమ్ కర్సర్ మెథడ్ అక్కడే ఇరుక్కుపోవచ్చని జావా డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. అలాగే బొమ్మ చెల్లనిదైతే కర్సర్ కనిపించకుండా పోతుందనీ, హాట్‌స్పాట్ సున్నా, సున్నాకు మారుతుందనీ అక్కడే రాసి ఉంది. బొమ్మ ఫైలును చదివే టూల్‌కిట్ గెట్ ఇమేజ్‌కు ఫైలు దారి తప్పుగా ఇచ్చిన విద్యార్థికి సరిగ్గా ఇదే ఎదురవుతుంది: కాన్వాస్ మీదికి రాగానే కర్సర్ మాయం. "కర్సర్ కనబడకపోతే ముందు ఫైలు దారి చూసుకోండి" అని బొమ్మ చదివించే కోడు పక్కనే రాస్తే, వాళ్లకు ఒక సాయంత్రం మిగులుతుంది.

రెండో చిత్తు పంపేటప్పుడు విండోస్‌లోనూ ఉబుంటూలోనూ చుక్క పరీక్ష ఫలితాలు విడివిడిగా రాసి పంపు. మ్యాక్ మీద నేను నడిపి చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య