టెన్నిస్ ఆడితే అమెరికా కాలేజీ జీతం ఇస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది. చిన్నప్పటి నుంచి టెన్నిస్ ఆడుతోంది. నేషనల్స్‌తో పాటు కొన్ని ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నీలు కూడా ఆడింది. అమెరికా కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్-1లోని ఒక యూనివర్సిటీ కోచ్ స్కాలర్‌షిప్ ఆఫర్ పంపారు. ఆ కోచ్‌తో మమ్మల్ని కలిపిన ఏజెంటు, ‘స్కాలర్‌షిప్ కాకుండా ఎన్ఐఎల్ (ఆటగాళ్ల పేరు, ఫొటో వాడుకున్నందుకు ఇచ్చే డబ్బు) కింద ఏడాదికి పాతిక వేల డాలర్ల దాకా వస్తాయి, ఇప్పుడు అక్కడ కాలేజీలే ప్లేయర్లకు జీతాలిస్తున్నాయి’ అంటున్నాడు. ఆ డబ్బు వస్తుంది కదా అని మిగతా ఖర్చుకు లోన్ తీసుకుందామనుకుంటున్నాను. చదువుకునే పిల్ల ఆటకు డబ్బు తీసుకోవడమేమిటని మావారు అంటున్నారు. ఆఫర్ లెటర్ కూడా పంపుతున్నాను. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు లోన్ సంగతి చెబుతాను. ఆ పాతిక వేల డాలర్లను మీ లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. ఒక్క డాలరు కూడా రాదనుకుని, స్కాలర్‌షిప్ పోను మిగిలే ఖర్చును నాలుగేళ్ల పాటు కట్టగలమా అని చూసుకోండి. కట్టగలం అనుకుంటేనే ముందుకెళ్లండి. ఎందుకో చెప్పేముందు మీవారి ప్రశ్నకు జవాబివ్వాలి. అది తీసిపారేసే ప్రశ్న కాదు. అమెరికాలో ఎన్నో ఏళ్లుగా కోర్టుల్లో నలిగిన ప్రశ్నే అది.

1955లో కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ లూయిస్ కాలేజీ తరఫున అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ రే డెనిసన్ అనే విద్యార్థి తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఇచ్చినట్టే తనకూ పరిహారం ఇవ్వాలని అతని భార్య అడిగింది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదు కాబట్టి అతను ఉద్యోగి కాడని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చేసింది. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు అదే మాట మీద నిలబడింది. ట్యూషన్, హాస్టల్, భోజనం ఇస్తాం, అంతకు మించి ఇస్తే ఆట పవిత్రత పోతుందని వాదించింది.

ఆ వాదన నాకు ఏనాడూ సబబుగా అనిపించలేదు. మార్చి నెలలో జరిగే కాలేజీ బాస్కెట్‌బాల్ పోటీల టీవీ హక్కులను 2032 దాకా ఎనిమిదేళ్లు పొడిగించడానికే ఒప్పందం విలువ 880 కోట్ల డాలర్లు. వైజాగ్ కుర్రాడు సాకేత్ మైనేని టెన్నిస్ ఆడుతూ చదువుకున్న అలబామా యూనివర్సిటీలో ఫుట్‌బాల్ కోచ్ నిక్ సేబన్ చివరి సంవత్సరాల్లో ఏడాదికి కోటి డాలర్లకు పైగా జీతం తీసుకున్నారు. టీవీ వాళ్లు, కోచ్‌లు, స్పాన్సర్లు అందరూ డబ్బు తీసుకుంటున్న చోట, మోకాళ్లు అరగదీసుకుని ఆడేవాళ్లు మాత్రమే తీసుకోకూడదనడం న్యాయం కాదు. 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆల్‌స్టన్ కేసులో తొమ్మిది మంది జడ్జిల ఏకాభిప్రాయంతో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అదే ఏడాది జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకునే కంపెనీల నుంచి డబ్బు తీసుకోవడానికి ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. మీ ఏజెంటు చెప్పే ఎన్ఐఎల్ అంటే ఇదే. 2025 జూన్‌లో, ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన హౌస్ కేసు రాజీకి జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదం తెలిపారు. దాంతో యూనివర్సిటీలే తమ ఆదాయంలోంచి ఆటగాళ్లకు నేరుగా ఇవ్వచ్చు. 2025-26కు ఒక్కో యూనివర్సిటీ పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు.

మీవారికి ఇంకో మాట కూడా చెప్పండి. ఆడే పిల్లలకు డబ్బివ్వడం మనకూ కొత్త కాదు. ఖేలో ఇండియా కింద ఎంపికైన పిల్లలకు కేంద్ర ప్రభుత్వం శిక్షణ ఖర్చు కాకుండా నెలకు 10,000 రూపాయలు చేతిఖర్చుకిస్తోంది. అది తీసుకున్నంత మాత్రాన చదువు మీద గౌరవం తగ్గినట్టు ఎవరూ అనుకోరు కదా. శ్రమకు తగ్గ ప్రతిఫలం తీసుకోవడంలో తప్పులేదు. మీ అమ్మాయి విషయంలో నన్ను కలవరపెడుతున్నది వేరు. ఆ డబ్బు ఆమె దాకా రాదు. వచ్చినా ముట్టుకుంటే వీసాకే ముప్పు.

రాదని ఎందుకంటున్నానంటే, ఆ డబ్బు పుట్టేది ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ స్టేడియాల్లో. హౌస్ రాజీలో పాత ఆటగాళ్లకు ఇచ్చే సుమారు 280 కోట్ల డాలర్ల పరిహారం ఎలా పంచుతున్నారో చూడండి. దాదాపు 75 శాతం ఫుట్‌బాల్‌కు, 15 శాతం పురుషుల బాస్కెట్‌బాల్‌కు, 5 శాతం మహిళల బాస్కెట్‌బాల్‌కు. టెన్నిస్, స్విమ్మింగ్, అథ్లెటిక్స్‌తో సహా మిగతా ఆటలన్నింటికీ కలిపి 5 శాతం. కొత్తగా ఇచ్చే డబ్బును కూడా పెద్ద యూనివర్సిటీలు చాలావరకు ఇదే లెక్కన పంచుతున్నాయి. పైగా బడ్జెట్ బిగిసినప్పుడు ముందు కత్తెర పడేది ఇలాంటి ఆటల మీదే. కోవిడ్ దెబ్బకు 2020లో అయోవా, మిన్నెసోటా యూనివర్సిటీలు పురుషుల టెన్నిస్ జట్లనే ఎత్తేశాయి. ఇలాంటి చోట మన అమ్మాయికి ఏటా పాతిక వేల డాలర్లు వస్తాయని చెప్పడం చాలా బాధ్యత లేని మాట.

ఇక వీసా. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వెళ్లిన విద్యార్థి సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చేయొచ్చు. అనుమతి లేకుండా బయట పని చేస్తే స్టేటస్ పోతుంది. ఒక షూ కంపెనీ కోసం ఫొటోషూట్‌కు నిలబడినా, డబ్బు తీసుకుని ఇన్‌స్టాలో రీల్ పెట్టినా అది పని కిందికే రావచ్చు. 2021లో మారింది ఎన్‌సీఏఏ నియమమే, వీసా నియమం కాదు. పర్డ్యూ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ఆటగాడు జాక్ ఈడీ వరసగా రెండేళ్లు దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాడిగా నిలిచాడు. కెనడా నుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చినవాడు కావడంతో తోటి అమెరికన్ స్టార్లలా ఎన్ఐఎల్ ఒప్పందాలు చేసుకోలేకపోయాడు. అంతటివాడికే కుదరనిది మనకు సులువుగా కుదురుతుందని ఏజెంటు చెబితే, రాతపూర్వకంగా ఇమ్మనండి.

సెలవుల్లో ఇండియా వచ్చినప్పుడు ఇక్కడి కంపెనీకి ఇక్కడే చేసే ప్రకటన సంగతి వేరు. పని అమెరికా గడ్డ మీద జరగదు కాబట్టి రిస్క్ తక్కువ. అలాంటి అవకాశం వచ్చినా సంతకం పెట్టకముందే యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకూ, ఆటల నియమాలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకూ చెప్పి, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కూడా అడగాలి. కోచ్ ఓకే అన్నారు అనేది వీసా దగ్గర చెల్లదు.

కాబట్టి మీ అమ్మాయి ఆటకు దక్కే అసలు ప్రతిఫలం స్కాలర్‌షిప్పే. బేరమాడాల్సింది కూడా దాని దగ్గరే. మీరు పంపిన ఆఫర్ లెటర్ చూశాను. అందులో ట్యూషన్, ఫీజులు నూరు శాతం, రూమ్ అండ్ బోర్డ్ (హాస్టల్, భోజనం) 50 శాతం, పుస్తకాలు ఉన్నాయి. కాలపరిమితి ఒక్క అకడమిక్ ఇయర్. సమ్మర్ ఊసు లేదు. హెల్త్ ఇన్సూరెన్స్ ఊసు లేదు. ఫుల్ స్కాలర్‌షిప్ అని ఏజెంటు చెప్పింది ఈ కాగితాన్ని చూసే అయితే, అది ఫుల్ కాదు.

ఇక్కడ కొత్తగా వచ్చిన మార్పు ఒకటి ఉంది. మునుపు డివిజన్-1లో మహిళల టెన్నిస్‌కు ఎనిమిది స్కాలర్‌షిప్‌లు ఉండేవి. వాటిని ముక్కలు చేసి పంచే వీలు లేదు. ఇస్తే పూర్తిగా ఒకరికివ్వాలి. మగపిల్లల జట్టుకు మాత్రం నాలుగున్నరే ఉండేవి, వాటిని పంచుకునేవారు. హౌస్ రాజీలో చేరిన యూనివర్సిటీల్లో ఈ లెక్క పోయింది. జట్టులో పది మంది వరకు ఉండొచ్చు, కోచ్ తన బడ్జెట్‌ను వాళ్ల మధ్య ఎలాగైనా పంచుకోవచ్చు. అందుకే ఆడపిల్లలకు కూడా ఇప్పుడు సగం, ముప్పావు ఆఫర్లు వస్తున్నాయి. మొహమాటపడకుండా రూమ్ అండ్ బోర్డ్ నూరు శాతం చేయమని అడగండి. కోచ్‌లు దీన్ని తప్పుగా తీసుకోరు. ఇంకో యూనివర్సిటీ ఆఫర్ చేతిలో ఉంటే మాటకు బలం వస్తుంది. ఒక్క ఏజెంటు చూపించిన ఒక్క కాలేజీతో ఆగిపోకండి. అమ్మాయి యూటీఆర్ రేటింగ్ (టెన్నిస్ ప్లేయర్ల స్థాయి చెప్పే అంకె), మ్యాచ్ వీడియోలతో మీరే నేరుగా మరికొందరు కోచ్‌లకు మెయిల్ పెట్టండి.

పన్ను గురించి ఎవరూ ముందు చెప్పరు. స్కాలర్‌షిప్‌లో ట్యూషన్, తప్పనిసరి పుస్తకాల భాగానికి పన్ను లేదు. రూమ్ అండ్ బోర్డ్ భాగానికి ఉంది. ఎఫ్-1 విద్యార్థులకు మామూలుగా 14 శాతం కోత పెడతారు. భోజనం, హాస్టల్ రూపంలో ఇచ్చేదానికి కోత పెట్టాలంటే చాలా చోట్ల ఆ మొత్తాన్ని విద్యార్థి ఖాతాలో బాకీగా చూపిస్తారు. మొదటి సెమిస్టర్‌లో ఆ బిల్లు చూసి పిల్లలు టెన్షన్ పడిపోతారు. అయితే భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునే వీలు కల్పిస్తుంది. వచ్చే ఏడాది ఏప్రిల్ గడువులోగా 1040-ఎన్ఆర్ అనే పన్ను రిటర్న్ వేస్తే కట్టిన దాంట్లో చాలావరకు, కొన్నిసార్లు మొత్తం, వెనక్కి వస్తుంది. కాకపోతే ముందు కట్టడానికి చేతిలో డబ్బుండాలి.

వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం వచ్చాక ఇంకోసారి సరిచూడండి. యూనివర్సిటీ ఇచ్చే మొత్తం అందులో విడిగా ఉంటుంది. ఆఫర్ లెటర్‌లోని అంకె, ఐ-20లోని అంకె ఒక్కటే కావాలి. మిగిలిన మొత్తానికి మీ డిపాజిట్లో, మంజూరైన లోనో చూపించాలి. ఎన్ఐఎల్ అనే మాట వీసా ఇంటర్వ్యూలో ఎత్తనే వద్దని అమ్మాయికి చెప్పండి. దాచమని కాదు, ఆమె దాని కోసం వెళ్లడం లేదు కాబట్టి.

టోర్నీల ప్రైజ్ మనీ విషయంలో ఇవాళే ఒక పని మొదలుపెట్టండి. ఆడిన ప్రతి ఐటీఎఫ్ టోర్నీకి వచ్చిన డబ్బు, ప్రయాణం, హోటల్, ఎంట్రీ ఫీజు రసీదులతో సహా ఒక ఫైల్‌లో పెట్టండి. ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ ఈ వివరాలు అడుగుతుంది. 2021 యూఎస్ ఓపెన్‌లో గెల్చుకున్న డబ్బు వల్ల అర్హత సమస్య వచ్చి, నార్త్ కరోలినా యూనివర్సిటీ టెన్నిస్ ప్లేయర్ రీస్ బ్రాంట్‌మైయర్ 2024లో ఎన్‌సీఏఏ మీద కోర్టుకే వెళ్లింది. ఇంటర్ అయ్యాక గ్యాప్ తీసుకుని టోర్నీలు ఆడాలన్న ఆలోచన ఉంటే అది కూడా కంప్లయన్స్ ఆఫీసును అడిగాకే. ఆలస్యమైతే ఆడే సంవత్సరాలు తగ్గే ప్రమాదం ఉంది.

చదువు విషయానికొస్తే, సీజన్‌లో ప్రాక్టీసు, మ్యాచ్‌లు కలిపి వారానికి 20 గంటలు దాటకూడదనే నియమం ఉంది. ప్రయాణాలు అందులో లెక్కకు రావు. గురువారం బస్సెక్కి ఆదివారం రాత్రి తిరిగొచ్చే వారాలు చాలా ఉంటాయి. ఎంపీసీ పిల్ల కాబట్టి కంప్యూటర్ సైన్స్ గానీ డేటా సైన్స్ గానీ తీసుకోవచ్చు. కానీ మధ్యాహ్నం ల్యాబులు, ప్రాక్టీసు ఒకే వేళకు పడితే ఏం చేస్తారని కోచ్‌ను ముందే అడగాలి. ‘మా జట్టులో అందరూ తేలిక మేజరే తీసుకుంటారు’ అన్న జవాబొస్తే ఆ ఆఫర్‌ను నేను పక్కన పెడతాను. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) డిగ్రీతో బయటికొస్తే ఏడాది ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి), దాని మీద మరో 24 నెలల పొడిగింపు దొరుకుతాయి. ఏజెంటు చెప్పిన జీతం నిజంగా, చట్టబద్ధంగా చేతికొచ్చే దారి అది. సాకేత్ అలబామాలో చదువయ్యాక ప్రొఫెషనల్‌గా మారి, 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. మీ అమ్మాయికీ ఆ దారి మూసుకుపోదు.

ఈ వారంలోనే కోచ్‌కు ఒక మెయిల్ పెట్టండి. అమ్మాయి పేరుతో, అమ్మాయే రాయాలి. స్కాలర్‌షిప్ ఏటా రెన్యూవల్ దేని మీద ఆధారపడుతుంది? గాయమై సీజనంతా ఆడలేకపోతే ఉంటుందా? మీరు వేరే యూనివర్సిటీకి వెళ్లిపోతే కొత్త కోచ్ దీన్ని తగ్గించొచ్చా? ఒక ఏడాదికి బదులు నాలుగేళ్లకు రాసిస్తారా? ఇన్సూరెన్స్, సమ్మర్ క్లాసుల ఖర్చు ఎవరిది? జవాబులు ఫోన్‌లో చెబుతామంటే వినండి గానీ, మెయిల్‌లో కూడా పెట్టమనండి. అవి వచ్చాక లోన్ మొత్తం ఎంతో తేల్చుకుని, అప్పుడు బ్యాంకుకు వెళ్లండి.