చిన్నపిల్లలున్న భార్యాభర్తలు వీలునామా రాసుకోవాలా? మేం రాసుకున్నాక నాకు తెలిసినవి

మీ పరిస్థితి నాకు అర్థమైనంతలో ఇదీ. మీ ఇద్దరికీ నలభై లోపే. పిల్లలకు ఎనిమిదేళ్లు, మూడేళ్లు. ఫ్లాట్ ఇద్దరి పేరా ఉంది, మీవారి పేర ఒక స్థలం, కొన్ని డిపాజిట్లు ఉన్నాయి. "ఎలాగూ ఒకరి తర్వాత ఇంకొకరికే కదా, ఇప్పుడే వీలునామా ఎందుకు? రాస్తే ఇద్దరం కలిసి ఒకటే రాయొచ్చా?" అని అడిగారు.

ఇప్పుడే రాయండి. ఒకటి కాదు, ఎవరిది వాళ్లు విడిగా రాయండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, "ఎలాగూ ఒకరి తర్వాత ఇంకొకరికే" అన్న మాట నమ్మి మా అక్క చాలా ఇబ్బంది పడింది.

మా బావగారు గుండెపోటుతో పోయినప్పుడు ఆయనకు నలభై మూడు. వీలునామా లేదు. ఇల్లు ఆయన స్వార్జితం, ఆయన పేరే ఉంది. అంతా అక్కకే వస్తుందని అందరం అనుకున్నాం. కానీ 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా మగవాడు పోతే భార్య, పిల్లలు, తల్లి అందరూ సమాన వాటాదారులే. అంటే అక్కకు నాలుగో వంతు, పిల్లలిద్దరికీ చెరొక నాలుగో వంతు, వాళ్ల అత్తగారికి ఒక నాలుగో వంతు. అత్తగారు మంచి మనిషి. తన వాటా వదులుకుంటూ సంతకం పెట్టేశారు. చిక్కంతా పిల్లల వాటాలతోనే వచ్చింది. ఒక్క జీతంతో లోన్ కట్టలేక, ఆ ఇల్లు అమ్మి చిన్న ఇంటికి మారదామనుకుంది అక్క. మైనర్ల స్థిరాస్తిని కన్నతల్లి అయినా కోర్టు పర్మిషన్ లేకుండా అమ్మడానికి లేదు. ఆ అమ్మకం పిల్లల మేలుకేనని కోర్టులో చూపించాలి. పిటిషన్, వాయిదాలు, కాగితాలతో ఏడాది దాటిపోయింది. ఆ ఏడాదంతా లోన్ కడుతూనే ఉంది. చివరికి పర్మిషన్ వచ్చింది, కానీ పిల్లల వాటా డబ్బు వాళ్లకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా బ్యాంకులోనే ఉంచాలన్న షరతుతో.

"నా తర్వాత ఇది నా భార్యకు చెందాలి" అని బావగారు ఒక్క పేజీ రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి ఉంటే ఈ తిరుగుడంతా ఉండేది కాదు. అక్క కోర్టు నుంచి వచ్చి మా ఇంట్లో కూర్చుని ఏడ్చిన రోజే మేమిద్దరం లాయరుకు ఫోన్ చేశాం.

ఆస్తి ఎవరికన్నది మాకు పావుగంటలో తేలిపోయింది. ఒకరి ఆస్తి రెండోవారికి, ఇద్దరం లేకపోతే పిల్లలకు సమానంగా. మా అత్తగారిని మాత్రం మర్చిపోలేదు. అంతా భార్యకే అని రాస్తే తల్లికి చట్టం ఇచ్చే వాటా పోతుంది. అందుకే ఒక డిపాజిట్ ఆవిడకు వచ్చేలా మా ఆయన రాశారు. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లుంటే ఈ సంగతి ఆలోచించండి.

తేలనిది ఇంకొకటి ఉంది. మేమిద్దరం ఒకేసారి లేకుండా పోతే పిల్లల్ని ఎవరు పెంచాలి? మూడు నెలలు దాని మీదే ఆగిపోయాం. మా ఆయన వాళ్ల తమ్ముడి పేరు చెప్పారు, నేను అక్క పేరు చెప్పాను. మాట్లాడిన ప్రతిసారీ అది మీవాళ్లు, మావాళ్లు అన్న గొడవలోకి దిగేది. చివరికి పేర్లు పక్కన పెట్టి, పిల్లలకు ఏం కావాలో రాసుకున్నాం. ఇద్దరినీ విడదీయకూడదు. మా పిల్లలు చనువుగా ఉండే ఇల్లు కావాలి. పెంచేవాళ్లకు వయసు, ఓపిక ఉండాలి. అలా చూస్తే మా మరిది, తోటికోడలే సరిపోయారు. నేను పట్టిన పట్టు అక్క మీద ప్రేమతోనే గానీ, అప్పటికే ఒంటరిగా ఇద్దరు పిల్లల్ని పెంచుతున్న మనిషి మీద మరో ఇద్దరి బరువు పెట్టడం న్యాయం కాదని నాకే అనిపించింది. డబ్బు విషయాలు చూసే బాధ్యత మాత్రం మా అన్నయ్యకు అప్పజెప్పాం. పెంచేవాళ్లూ డబ్బు చూసేవాళ్లూ ఒకరే కానక్కర్లేదు. వేరుగా ఉంటేనే ఇద్దరి మీదా నింద పడదని నా అభిప్రాయం. పేరు రాసే ముందు మరిది వాళ్లింటికి వెళ్లి ఎదురుగా కూర్చుని అడిగాం. తోటికోడలు రెండు రోజులు ఆలోచించుకుని సరేనంది. ఆ రెండు రోజులు తీసుకున్నందుకే ఆవిడ మీద నాకు నమ్మకం పెరిగింది.

గార్డియన్ పేరు భర్త ఒక్కడే రాస్తే చాలదు. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం తండ్రి వీలునామాలో గార్డియన్‌ను పెట్టినా, ఆయన ముందు పోయి తల్లి బతికుంటే అది పనిచేయదు, తల్లే సంరక్షకురాలు. ఆ తర్వాత ఆవిడ కూడా ఎవరినీ నియమించకుండా పోతేనే తండ్రి రాసింది మళ్లీ అమల్లోకి వస్తుంది. అందుకే మా లాయరు రెండు వీలునామాల్లోనూ అవే పేర్లు, వాళ్లకు కుదరకపోతే ఎవరన్నది కూడా రాయించారు. పద్దెనిమిదేళ్లకే మొత్తం చేతికి రాకుండా, ఇరవై అయిదేళ్ల దాకా చదువులకు, ఖర్చులకు అన్నయ్య ట్రస్టీగా ఇచ్చేలా పెట్టాం.

ఇద్దరూ ఒకే ప్రమాదంలో పోతే? ఎవరు ముందు పోయారో తేలనప్పుడు, వేరే రుజువు లేకపోతే, వయసులో పెద్దవాళ్లు ముందు పోయినట్టే వారసత్వ చట్టం లెక్కేస్తుంది. అంటే భర్త పెద్దవాడైతే ఆయన ఆస్తి ముందు భార్యకు వచ్చి, ఆవిడ నుంచి ఆవిడ వారసులకు వెళ్తుంది. భార్య వీలునామా రాయకపోతే భర్త తన ఆస్తికి రాసిన ఏర్పాటంతా అక్కడ ఆగిపోతుంది. "నాకేం ఆస్తి ఉంది రాయడానికి" అని మనలో చాలామంది ఆడవాళ్లం అంటాం. దయచేసి అలా అనుకోకండి. మీ నగలు, మీ డిపాజిట్లు, ఫ్లాట్‌లో మీ వాటా అన్నీ మీ ఆస్తే.

ఒకే కాగితం మీద ఇద్దరూ ఎందుకు రాయకూడదంటే, ఒకరు పోయాక మిగిలినవారు దాన్ని మార్చుకోవచ్చా లేదా అన్నదే పెద్ద తగాదా అవుతుంది. విడిగా ఉంటే ఎవరిది వాళ్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

రాయడం మాత్రం తేలికే. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. తెలుగులో రాసుకోవచ్చు. 1925 నాటి భారత వారసత్వ చట్టం అడిగేది మీ సంతకం, కనీసం ఇద్దరు సాక్షులు. మీరు సంతకం పెట్టడం వాళ్లు చూడాలి, లేదా అది మీ సంతకమేనని మీరు వాళ్లతో చెప్పాలి. వాళ్లు మీ ఎదుటే సంతకం చేయాలి. రేపు కోర్టులో నిరూపించాల్సి వస్తే సాక్షుల్లో ఒకరైనా వచ్చి చెప్పాల్సి ఉంటుంది కాబట్టి మీకంటే చిన్నవాళ్లను పెట్టుకోండి. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకండి, అనవసరంగా అనుమానాలొస్తాయి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా మేం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించాం. కాగితం పోతుందన్న టెన్షన్ ఉండదు. కానీ రిజిస్టరు చేసినదే చెల్లుతుందని అనుకోవద్దు, సరిగ్గా రాసిన చివరి వీలునామాయే చెల్లుతుంది.

నామినీ ఉన్నారు కదా అనుకుంటే అది కూడా పొరపాటే. బావగారి డిపాజిట్లలో ఒకదానికి పెళ్లికి ముందు పెట్టిన నామినీయే ఉండిపోయారు. నామినీ మామూలుగా డబ్బు తీసుకునే మనిషే గానీ హక్కుదారు కాదు. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే మాట చెప్పింది. ఇన్సూరెన్స్‌లో మాత్రం 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ డబ్బు వాళ్లదే. కాబట్టి వీలునామా, నామినీ పేర్లు రెండూ ఒకదానికొకటి సరిపోయేలా చూసుకోండి.

నేను చెప్పిందంతా హిందూ చట్టం వర్తించేవాళ్ల గురించి. ముస్లింలైతే మామూలుగా మూడో వంతుకు మించి వీలునామా రాయడానికి వారసుల ఒప్పుదల కావాలి. క్రైస్తవులకు వారసత్వ వాటాల లెక్క వేరు.

లాయరు దగ్గరికి వెళ్లేముందు రెండు కాగితాలు బయటికి తీయండి. ఒకటి ఫ్లాట్ దస్తావేజు. ఇద్దరి పేరా ఉంది కాబట్టి ఒకరు పోతే దానంతట అదే రెండోవారికి వస్తుందని చాలామంది అనుకుంటారు. మామూలుగా అలా రాదు, పోయినవారి వాటా వాళ్ల వారసులకే వెళ్తుంది. రెండోది స్థలం కాగితం. అది మీవారు కొన్నదా, పిత్రార్జితమా చూడండి. పిత్రార్జితమైతే ఆయన తన వాటా వరకే రాయగలరు. ఈ రెండూ చూసి ఇక్కడే రాయండి, మా లాయరు వాటికి ఏ మాటలు వాడారో చూసి చెప్తాను.