పదహారేళ్ళ అమ్మాయికి ఇష్టమైన పాత్ర ఆకారంలో కేక్ చెక్కడం ఎలా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అమ్మాయికి పదహారో పుట్టినరోజు. తనకిష్టమైన యానిమేషన్ పాత్ర, ముళ్ళలా లేచిన జుట్టు, పెద్ద కళ్ళు, నిలబడిన కాలరున్న కోటుతో, నిలువెత్తు బొమ్మ కేక్‌గా కావాలట. 25 మంది వస్తారు. గుండ్రటి కేకుల మీద ఫాండెంట్ (చపాతీలా వత్తి కేక్‌కి తొడిగే చక్కెర ముద్ద) పరిచిన అలవాటుంది గానీ చెక్కడం ఇదే మొదలు. రెండు కాళ్ళ మీద నిలబెట్టొచ్చా, ఏ కేక్ వాడాలి, ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి?

నిలువెత్తు బొమ్మ ఈసారికి వద్దు. బరువంతా పైన, ఆధారం కింద రెండు సన్నటి చోట్ల. పైగా ఆ కాళ్ళలో కేక్ ఎటూ ఉండదు, ఇనపకడ్డీ చుట్టూ రైస్ క్రిస్పీ ముద్ద (ఉబ్బిన బియ్యపు గింజల్ని కరిగించిన మార్ష్‌మాలోతో కలిపింది) అద్ది చేస్తారు. అంత కష్టపడ్డాక తినడానికి మిగిలేది మొండెం ఒక్కటే. భుజాల దాకా, అంటే తల, మెడ, కోటు కాలర్ వరకు చేయండి. పోలిక ఉండేది జుట్టులో, కళ్ళలో, కాలర్‌లో కాబట్టి పోయేదేమీ లేదు.

ఒక మాట ముందే అడిగి పెట్టుకోండి. ఒకే పాత్రకు మూడు నాలుగు వేషాలు, రెండు రకాల జుట్టు ఉంటాయి. ఐదేళ్ళ పిల్లలకు రంగు కలిస్తే చాలు, ఈ వయసు వాళ్ళు మాత్రం కనుబొమ్మ వంపు, జుట్టు పాయ ఏ వైపు పడిందో కూడా పట్టేస్తారు. సర్‌ప్రైజ్ అనుకుంటే తన స్నేహితుల్నైనా అడగండి. ముందు నుంచి, పక్క నుంచి ఉన్న బొమ్మలు రెండూ సంపాదించి, తల ఎత్తు కేకంత ఉండేలా ప్రింట్ తీసి, అంచు వెంట అట్టముక్క కత్తిరించుకోండి. చెక్కేటప్పుడు ఆ అట్టే మీ కొలబద్ద. పక్క బొమ్మ లేకుండా మొదలెట్టిన ముఖాలు దాదాపు అన్నీ పళ్ళెంలా చదునుగా తయారవుతాయి.

కొలతలు: భుజాలకు 20 సెం.మీ. చదరపు కేకులు రెండు, తలకు 15 సెం.మీ. గుండ్రటి కేకులు మూడు. ఒక్కోటీ 4 సెం.మీ. మందం. చదరాలను 20×14కి కోస్తే మిగిలే ముక్కలు పొడి చేసి దాచండి, ముక్కుకీ బుగ్గలకీ కావాలి. చెక్కుడులో పావు వంతుకు పైగా పోయినా 25 మందికి తలా ఒక మంచి ముక్క వస్తుంది.

స్పాంజ్ కేక్ వద్దు, కత్తి తగలగానే పొడిపొడి అవుతుంది, పై బరువుకు కుంగుతుంది. వెన్న ఎక్కువగా ఉన్న గట్టి కేక్ కావాలి. ఒక వాయికి వెన్న 250 గ్రాములు, చక్కెర 250, గుడ్లు 5, మైదా 300, బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లు, పాలు 60 మి.లీ. ఇలాంటివి మూడు వాయిలు. చదరపు టిన్నులో దాదాపు కిలో చొప్పున, గుండ్రటి దాంట్లో 430 గ్రాముల చొప్పున తూచి పోయండి. 160 డిగ్రీల దగ్గర చిన్నవి 35-40 నిమిషాలు, పెద్దవి 45-55. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. పైన ఉబ్బిన భాగం కోసేసి సమం చేయండి. ఆ ఉబ్బు అలాగే వదిలితే పొరల మధ్య గాలి చేరుతుంది, అదే మర్నాడు ఫాండెంట్ కింద బుడగలా లేస్తుంది.

లోపలికీ పైపూతకీ గనాష్. డార్క్ చాక్లెట్ కిలోకి క్రీమ్ అర కిలో. వైట్ చాక్లెట్ అయితే మూడింటికి ఒకటి, గది వేడిగా ఉంటే మూడున్నరకి ఒకటి. క్రీమ్ పొంగు రాబోతుండగా దించి చాక్లెట్ మీద పోసి, రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, మధ్య నుంచి బయటికి కలపండి. నూనె తేలి విరిగినట్టుంటే గోరువెచ్చని పాలు ఒక్కో చెంచా వేస్తూ కలపండి, మళ్ళీ కలుస్తుంది. రాత్రంతా బయట ఉంచితే పొద్దుటికి మెత్తటి వెన్నలా పూయడానికి అనువుగా ఉంటుంది. తొందరపడి ఫ్రిజ్‌లో పెడితే అంచులు గట్టిపడి మధ్యలో జారుగా ఉంటుంది. బటర్‌క్రీమ్ వాడొచ్చు కానీ చేతి వేడికే అణిగిపోతుంది, చెక్కుడు కేక్‌కి గనాష్ ఇచ్చే గట్టిదనం దానికి లేదు. తాజా పండ్లు, విప్డ్ క్రీమ్ లోపల పెట్టకండి, ఈ కేక్ గంటల తరబడి ఫ్రిజ్ బయటే ఉంటుంది.

ఇక ఎముక. 30 సెం.మీ. గట్టి చెక్కపలక మధ్యలో రంధ్రం చేసి 8 మి.మీ. మరలున్న స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ నిలబెట్టండి. పలక కింద ఒక నట్టు, పైన ఒక నట్టు, రెండింటికీ వాషర్లు. కింది నట్టు వల్ల పలక ఊగుతుంది, కాబట్టి నాలుగు మూలలా చిన్న కాళ్ళు అతికించండి. కడ్డీ పలక పైన 20 సెం.మీ. ఉంటే చాలు. కేక్‌కి తగిలే భాగాలకు మందపాటి స్ట్రా తొడగండి. మరల్లోకి కేక్ దూరితే తర్వాత నట్టు తిరగదు, లోహం తిండికి తగలకపోవడం ఎలాగూ మంచిది.

భుజాల పొరలు రెండూ మధ్య రంధ్రం చేసి కడ్డీలోకి దించండి, మధ్యలో 5 మి.మీ. గనాష్. ఆ పైన 2 సెం.మీ. ఎత్తులో నట్టు, 4 సెం.మీ. వెడల్పు వాషర్, దాని మీద 10 సెం.మీ. గుండ్రటి గట్టి కేక్‌బోర్డు, మళ్ళీ వాషర్, నట్టు బిగించండి. తల బరువంతా ఇప్పుడు ఈ బోర్డు ద్వారా కడ్డీ మీదికి, కడ్డీ నుంచి పలక మీదికి పోతుంది. భుజాల కేక్ మీద ఒక్క గ్రాము కూడా పడదు. ఇది చేయకుండా కేక్ మీద కేక్ పెట్టేస్తే సాయంత్రానికల్లా మెడ దగ్గర ముడతలు పడి గడ్డం కాలర్‌లో కూరుకుపోతుంది. చూసేవాళ్ళు ఫాండెంట్ జారిందనుకుంటారు, నిజానికి కుంగింది కింది కేక్. మెడ ఖాళీలో రైస్ క్రిస్పీ ముద్ద గట్టిగా అదమండి: కరిగించిన మార్ష్‌మాలో 150 గ్రాములు, వెన్న 20, ఉబ్బిన బియ్యపు గింజలు 90. చల్లారాకే అద్దాలి, వేడిగా ఉన్నప్పుడు అద్దితే చల్లారి కుంచించుకుపోయి చుట్టూ సందు వదులుతుంది.

తర్వాత తల పొరలు మూడూ ఎక్కించి, క్లింగ్ ఫిల్మ్ చుట్టి, పైన తేలికపాటి పళ్ళెం పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో కుదురుకోనివ్వండి. కుంగేదేదో ఈ రాత్రే కుంగాలి. మొత్తం ఎత్తు 25 సెం.మీ. వరకు వస్తుంది, జుట్టుతో ఇంకా ఎక్కువ. ఫ్రిజ్ అరల మధ్య ఎంత జాగా ఉందో కేక్ కాల్చక ముందే కొలవండి, ఇది మరిచిపోయేవాళ్ళు చాలామందే.

చెక్కడానికి పళ్ళున్న బ్రెడ్ కత్తి, చిన్న సన్నటి కత్తి చాలు. కేక్ చల్లగా గట్టిగా ఉన్నప్పుడే చెక్కండి, మెత్తబడితే మళ్ళీ గంట ఫ్రిజ్‌లో పెట్టండి. ముందు నాలుగు మూలలూ కొట్టేసి, తర్వాత పై నుంచి కిందికి సన్నటి చెక్కలుగా తీయండి. పక్కకు నిలబడి అట్టముక్క ఆనించి చూస్తూ ఉండండి. అట్ట కంటే కేక్ చుట్టూతా 7-8 మి.మీ. చిన్నగా ఉండాలి, ఎందుకంటే గనాష్ 4, ఫాండెంట్ 3-4 ఎక్కుతాయి. దీన్ని లెక్కలో వేసుకోకపోతే ముఖం ఉబ్బినట్టు వస్తుంది.

ముక్కు, బుగ్గలు, గడ్డం చెక్కి తేవాలని చూడకండి, అద్ది తెచ్చుకోండి. 100 గ్రాముల కేక్ పొడిలో 20-25 గ్రాముల గనాష్ కలిపితే మట్టిలా ముద్ద అవుతుంది. యానిమేషన్ ముఖంలో ముక్కు చాలా చిన్నది, చిటికెడు ముద్ద చాలు. అంతా ఒక పలచటి గనాష్ పూత వేసి, గట్టిపడ్డాక రెండో పూత. ఆరిన గనాష్‌ని వేడినీళ్ళలో ముంచి తుడిచిన చెంచా వెనకభాగంతో నునుపు చేయండి. ఇక్కడ అరగంట ఎక్కువ పెట్టినా నష్టం లేదు, ఫాండెంట్ గుంటల్ని దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది.

ఫాండెంట్ కిలోన్నర దగ్గర పెట్టుకోండి. ముఖం రంగు ఒకేసారి, కావలసినదానికన్నా ఎక్కువే కలపండి, రెండోసారి అదే ఛాయ రాదు. నీళ్ళ రంగు కాదు, జెల్ రంగు. రాత్రి గడిస్తే ఇంకాస్త ముదురుతుంది, కాబట్టి ఒక మెట్టు లేతగా ఆపండి. నల్లకోటుకి తెల్ల ఫాండెంట్‌లో నలుపు గుమ్మరిస్తే జిగురై చేదెక్కుతుంది, చాక్లెట్ ఫాండెంట్‌తో మొదలెడితే కొంచెం రంగుకే నలుపు వస్తుంది.

గనాష్ మీద పలచగా నీళ్ళు తడిపి, 3-4 మి.మీ. మందం ఫాండెంట్‌ని ముఖం ముందు నుంచి వెనక్కి పరచండి, అతుకు తల వెనక పడాలి, జుట్టు కింద దాగుతుంది. పలచనైతే గడ్డం దగ్గర చిరుగుతుంది, మందమైతే తన బరువుకే జారుతుంది. చిరిగితే అదే రంగు ఫాండెంట్‌ని రెండు చుక్కల నీళ్ళతో పేస్టు చేసి నింపి వేలితో రాయండి. కంటిగుంటలు, పెదవి గీత పది నిమిషాల్లోపే నొక్కేయాలి. పైన పొర ఆరాక నొక్కితే ఏనుగు తోలులా పగుళ్ళు వస్తాయి.

కళ్ళు మాత్రం ఐదు రోజుల ముందే చేసి ఆరబెట్టాలి. 250 గ్రాముల ఫాండెంట్‌కి ఒక టీస్పూన్ టైలోజ్ పౌడర్ కలిపితే గట్టిగా ఆరుతుంది, కళ్ళకు ఇందులో చిన్న ముద్ద సరిపోతుంది. 2 మి.మీ. మందంగా వత్తి, కంటి ఆకారపు కాగితం పెట్టి రెండూ కోయండి. రెండోదానికి కాగితం తిప్పి పెట్టాలి. కొద్దిగా వంపున్న చోట ఆరనిస్తే ముఖం గుండ్రానికి సరిపోతాయి. పై రెప్ప గీత మందంగా నలుపు, కనుపాప పైన ముదురు, కింద లేత. రంగు పొడిని వోడ్కా లాంటి తాగే ఆల్కహాల్‌తో కలిపి వేయండి, ఆరిపోతుంది, నీళ్ళతో వేస్తే ఫాండెంట్ కరిగి జిగటగా మిగులుతుంది. తెల్లటి మెరుపు చుక్క దగ్గరే అందరూ తప్పు చేస్తారు: ఎడమ కంటికి ఎడమ మూల, కుడి కంటికి కుడి మూల పెడతారు. వెలుగు ఒక వైపు నుంచే వస్తుంది కదా, రెండు కళ్ళలోనూ గడియారంలో పది గంటల చోటే పడాలి. అద్దంలో ప్రతిబింబంలా పెడితే పాత్రకు మెల్లకన్ను వచ్చేస్తుంది, ఎందుకో మాత్రం చూసేవాళ్ళకు అంతుపట్టదు.

అతికించే ముందు కాగితపు కళ్ళు పెట్టి ఫోన్‌తో ఫోటో తీసి, ఫోటోని అద్దంలోలా కుడి ఎడమలు మార్చి (ఫ్లిప్ చేసి) చూడండి. మీ కళ్ళకు అలవాటైపోయిన వంకర అప్పుడు బయటపడుతుంది. యానిమేషన్ ముఖాల్లో కళ్ళు తల మధ్యగీత కంటే కిందే ఉంటాయి, రెండింటి మధ్య దాదాపు ఒక కన్ను పట్టేంత జాగా.

జుట్టుకి మోడలింగ్ చాక్లెట్. వైట్ చాక్లెట్ 500 గ్రాములు కరిగించి, కాస్త చల్లారాక గోరువెచ్చని కార్న్ సిరప్ 125 గ్రాములు వేసి, గిన్నె అంచు వదిలేదాకా మాత్రమే మడవండి. ఎక్కువ తిప్పితే నూనె కారుతుంది. కారినా పారేయకండి, చల్లారాక పిసికితే చాలావరకు లోపలికి పోతుంది. డార్క్ అయితే రెండింటికి ఒక పాలు సిరప్. రాత్రంతా చుట్టి ఉంచి వాడండి. రంగు కరిగిన చాక్లెట్‌లోనే కలిపేస్తుంటే నూనెలో కలిసే రంగే వాడాలి, మామూలు రంగులోని నీటికి చాక్లెట్ గడ్డకడుతుంది. 6 సెం.మీ. దాటిన పాయలకు లోపల పచ్చి స్పగెట్టీ పుల్ల పెట్టండి, టూత్‌పిక్ కంటే మేలు, పొరపాటున కొరికినా ప్రమాదం లేదు. మెడ వెనక నుంచి మొదలెట్టి పైకి వరసలు పేర్చండి, నుదుటి పాయలు చివర.

రోజుల లెక్క: ఐదు రోజుల ముందు కళ్ళు, మోడలింగ్ చాక్లెట్, కాలర్ లాంటి గట్టి భాగాలు. మూడు రోజుల ముందు కేక్, గనాష్. మర్నాడు పేర్చడం. ఆ మర్నాడు, అంటే ముందురోజు, పొద్దున చెక్కడం, మధ్యాహ్నం పూతలు, సాయంత్రం ఫాండెంట్, జుట్టు. మొదటిసారికి ఇది బిగువుగానే ఉంటుంది, వీలైతే మొత్తం ఇంకో రోజు ముందే మొదలెట్టండి.

ఫాండెంట్ వేశాక చల్లటి పొడి గదిలో పెట్టండి. ఫ్రిజ్ తప్పనిసరైతే అట్టపెట్టెలో మూసి పెట్టండి, బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా పెట్టె తెరవకండి, అప్పుడు తేమ పెట్టె మీద పడుతుంది, కేక్ మీద కాదు. చెమట పడితే తుడవద్దు, రంగు పూసుకుపోతుంది. ఫ్యాన్ ముందు పెడితే అదే ఆరుతుంది. కారులో సీటు మీద కాకుండా చదునైన చోట, జారని చాప పరిచి తీసుకెళ్ళండి.

కోసేటప్పుడు జుట్టు ముందు తీసేయండి. తలను పై నుంచి బోర్డు దాకా వెనకవైపు నుంచి కోసుకుంటూ రండి, ముఖం ఫోటోలకు ఇంకాసేపు నిలుస్తుంది. బోర్డు బయటపడ్డాక పై నట్టు విప్పి ఎత్తేస్తే భుజాలు మామూలు కేకులా కోసుకోవచ్చు. ఆ నట్టు విప్పడానికి స్పానర్ వెంట తీసుకెళ్ళండి.