పిలిస్తే తిరగట్లేదు, మాటలు లేటేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. బాబుకి 3వ నెలలో మెదడు పొరలకి ఇన్ఫెక్షనొచ్చి, ఫిట్స్ కూడా వచ్చి, 3 వారాలు ఇంజెక్షన్లు చేశారు. ఇప్పుడు 11 నెలలు. కంచం కింద పడితే తిరుగుతాడు గానీ పేరు పెట్టి పిలిస్తే తిరగడండి. అత్తయ్యగారేమో మగపిల్లలకి మాటలు లేటేలే అంటున్నారు. ఆగొచ్చాండి?

జవాబు: ఆగొద్దమ్మా. అత్తయ్యగారు ధైర్యం చెప్పడానికే అన్నారు, కానీ మెనింజైటిస్, అంటే మీరు చెప్పిన మెదడు పొరల ఇన్ఫెక్షన్, వచ్చిన పిల్లాడికి ఆ మాట సరిపోదు. బ్యాక్టీరియా మెనింజైటిస్ తర్వాత ఎక్కువగా మిగిలే నష్టాల్లో వినికిడి ఒకటి, ఇన్ఫెక్షన్ లోపలి చెవిలోకి పాకి అక్కడి సన్నటి కణాల్ని పాడుచేస్తుంది. కంచం చప్పుడుకి తిరిగాడంటే చెవి బావున్నట్టు కాదు, నేల అదురు తగిలినా తిరుగుతారు, ఒక చెవే పనిచేస్తున్నా తిరుగుతారు. బెరా టెస్ట్ చేయించండి, చప్పుడు చెవి నుంచి మెదడుకి చేరుతోందా అని చూసే పరీక్ష అది, బాబు నిద్రపోతుండగానే చేస్తారు. అసలిది డిశ్చార్జికి ముందో, కోలుకున్న 4 వారాల్లోపో అవ్వాల్సింది, మీకెవరూ చెప్పకపోవడం నాకు చాలా బాధగా ఉంది. ఎందుకింత తొందరంటే ఈ జబ్బు తర్వాత కొందరికి లోపలి చెవిలో ఎముక పెరిగి పూడుకుపోతుంది, అప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో పెట్టే వినికిడి పరికరం, పెట్టడం కష్టం.

కూర్చోవడం, పాకడం, రెండు చేతులూ సమానంగా వాడటం కూడా చూపించండి. చదువులో ఇబ్బంది, ఫిట్స్ బడికెళ్లే వయసులో బయటపడొచ్చు, అందరికీ రావు, చాలామంది పిల్లలు బాగానే ఎదుగుతారు. జిల్లా పెద్దాసుపత్రుల్లో డీఈఐసీ అని పిల్లల ఎదుగుదల చూసే విభాగం ఉంటుంది, ఫీజుండదు, మీ ఆశా కార్యకర్తనడగండి. డిశ్చార్జి కాగితాలు తప్పకుండా పట్టుకెళ్లండి.