బొలెరో పికప్‌కి ఏ ఇంజన్ ఎక్కించాలి: అల్లుడికి ఓ ఉత్తరం

విజయనగరం

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

బండి మూడున్నర లక్షల కిలోమీటర్లు దాటిందనీ, ఆయిల్ తాగేస్తోందనీ, విశాఖ ఆటోనగర్‌లో ఓ సెకండ్ హ్యాండ్ ఇంజన్ చూసి వచ్చావనీ రాశావు. అడ్వాన్సు ఇవ్వలేదు కదా? ఇంకో వారం ఇవ్వకు.

ముందు నీ ఇంజన్ నిజంగా పోయిందా అన్నది తేల్చు. ఆయిల్ తాగే ప్రతి బండికీ పిస్టన్ రింగులే అరిగిపోవు. ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో ఉంది చూడు, దాని సీలు పోయినా నీలం పొగే వస్తుంది. టర్బో నుంచి ఇంజన్‌లోకి వెళ్లే గాలి గొట్టం విప్పి లోపల వేలు తిప్పు. వేలికి జిడ్డు అంటితే మామూలే. ఆయిల్ కారుతుంటే ముందు టర్బో సంగతి చూడాలి. తర్వాత బండిని బాగా వేడెక్కనిచ్చి, ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, బోర్లించి ఆ కన్నం మీదే ఉంచు. మూత కొద్దిగా వణికితే భయం లేదు. ఎగిరి పక్కన పడి, కన్నంలోంచి గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తే రింగులు దాటి గాలి కిందికి దిగుతోందన్నమాట.

ఆ తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలి ఒత్తిడి, చూపించు. డీజిల్‌కి వాడే గేజితోనే చూడాలి, పెట్రోల్ బండి గేజి ఆ ఒత్తిడికి నిలవదు. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకూడదు. పక్కపక్కనున్న రెండు పడిపోతే హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించు. ఒక్కటే పడితే వాల్వు కావొచ్చు. నాలుగూ కలిసి పడితేనే ఇంజన్ దించే మాట.

దించాల్సి వస్తే నా ఓటు నీ బ్లాకుకే, అంటే సిలిండర్లుండే నీ పాత ఇంజన్ దిమ్మకే. పగలని బ్లాకు ఉండగా ఎవరిదో తెలియని ఇంజన్ ఎందుకు? హెడ్డు తీశాక సిలిండర్ పైఅంచున గోరు పెట్టి కిందికి లాగు. రింగు తిరిగినచోట గోరు మెట్టులా తగులుతుంది. ఆ మెట్టు కనిపించిందంటే లేత్ షాపులో బోర్ గేజితో పైన, మధ్యన, కింద, మూడుచోట్లా అడ్డంగానూ నిలువుగానూ కొలిపించు. సాధారణంగా 0.50 మి.మీ. ఓవర్‌సైజుతో, అంటే సిలిండర్‌ని అంతమేర వెడల్పు చేసి పెద్ద పిస్టన్లు వేస్తే, సరిపోతుంది. అది కూడా దాటితే సిలిండర్లలో కొత్త స్లీవులు, అంటే లోపలి గొట్టాలు, దించాలి. పిస్టన్లు చేతికి వచ్చాకే, వాటి కొలతకి బోరు చేయించు. ముందు బోరు చేయించి తర్వాత పిస్టన్లు వెతికే పని పెట్టుకోకు.

పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంకు, గ్రైండింగ్ చేస్తే ఎంత తీశారో, 0.25 మి.మీ.నో 0.50నో, చీటీ మీద రాయించుకో. బేరింగులు దానికి తగ్గవే కొనాలి. హెడ్డు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి కింద 0.05 మి.మీ. ఫీలర్ గేజి దూర్చి చూడు, దూరితే ఫేసింగ్, అంటే చదును చేయించడం, కావాలి. వాల్వుల మధ్య సన్నని పగుళ్లుంటాయి, కంటికి ఆనవు, ప్రెషర్ టెస్టు చేయించాలి. ఇక లేత్ నుంచి వచ్చిన బ్లాకును సబ్బునీళ్లతో, బ్రష్షుతో, ఆయిల్ దారులన్నీ కడగాలి. ఈ ఒక్క పనిలో బద్ధకిస్తే ఆ రజను కొత్త బేరింగుల్ని కొద్దిరోజుల్లోనే నమిలేస్తుంది.

బ్లాకే పగిలితే సెకండ్ హ్యాండ్ తప్పదు. అప్పుడు నీ బండి మోడలుకి సరిపోయిందే కావాలి. నీది 2012 బండి, మెకానికల్ పంపుతో డీజిల్ అందే ఇంజన్. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్4 పొగ నిబంధనలు వచ్చాయి, ఆ తర్వాతి పికప్పులది కామన్ రైల్, అంటే డీజిల్‌ని కంప్యూటర్ నడిపే ఇంజన్. అదీ 2523 సీసీయే కదా అని దాన్ని తెచ్చుకుంటే ఈసీయూ అనే ఆ కంప్యూటర్, వైరింగు, యాక్సిలరేటర్ పెడల్ అన్నీ మార్చాలి, అప్పటికీ ఏదో ఒక సెన్సారు అలుగుతూనే ఉంటుంది.

వరదలో మునిగిన ఇంజన్ మాత్రం ఎంత చవకగా ఇచ్చినా వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో బోలెడు బండ్లు మునిగాయి, అలాంటి సామాను ఎక్కడికైనా చేరొచ్చు. పైన డీజిల్‌తో కడిగి మెరిపిస్తారు. నువ్వు ఆల్టర్నేటర్ సందుల్లో, స్టార్టర్ లోపల టార్చి వేసి చూడు, ఒండ్రు అక్కడ దాక్కుంటుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసిన టీలా ఉంటే వెనక్కి తిరుగు. టాపెట్ కవరు తీయించు. ఆయిల్ ఫిల్టరు కోయించి కాగితం మడతలు విప్పి చూడు, రాగిరంగు రేకులు కనిపిస్తే బేరింగులు అయిపోయినట్టే. ఇంజెక్టర్లు తీసి, క్రాంకును పానాతో చేత్తో రెండు చుట్లు పూర్తిగా తిప్పు, ఎక్కడా పట్టేయకూడదు. ఇవి చూడనివ్వని దుకాణంలో బేరం దండగ.

బ్లాకు మీద ఇంజన్ నంబరు గీకినట్టుగానీ, అంకెలు వంకరగా గుద్దినట్టుగానీ ఉంటే ముట్టుకోకు, అది దొంగబండిది కావొచ్చు. బిల్లు మీద ఆ నంబరు ఉండాలి, పాత బండి ఆర్‌సీ నకలు అడిగి తీసుకో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్చేముందే ఆర్‌టీఓ ఆఫీసు అనుమతి తీసుకోవాలి. తీసుకోకుండా మారిస్తే 14 రోజుల్లోగా తెలియజేసి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. నీ బండికి ఎనిమిదేళ్లు దాటాయి కాబట్టి ఎఫ్‌సీ, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఏటా తప్పదు, నంబరు కలవకపోతే అక్కడే ఆగిపోతుంది.

ఏ ఇంజన్ ఎక్కించినా, పాతది ఎందుకు పోయిందో చూడకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది. నువ్వు రేడియేటర్‌లో బోరునీళ్లే పోస్తావు. బ్లాకు పక్కన గుండ్రటి బిళ్లలుంటాయి చూడు, కోర్ ప్లగ్గులు, ఆ నీళ్లకి లోపలినుంచే తుప్పుపడతాయి. పైకి పెయింటు బాగానే ఉంటుంది, స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే లోపలికి దిగిపోతుంది. ఇంజన్ కింద ఉన్నప్పుడే అన్నీ మార్పించు, గేర్‌బాక్సు వైపువి తర్వాత చేతికి అందవు. రేడియేటర్ విప్పించి ట్యూబులు పొడిపించు, ఇకమీదట కూలెంటే పోయించు. క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, క్రాంకు వెనక సీలు, వాటర్ పంపు, థర్మోస్టాట్, మౌంటింగులు కూడా అప్పుడే. పాత టర్బో విరిగి ఉంటే గాలి గొట్టాలన్నీ కడగాలి, అందులో మిగిలిన ముక్కలు నేరుగా కొత్త పిస్టన్ల మీదికే పోతాయి.

మొదటిసారి స్టార్టు చేసేముందు డీజిల్ ఆపేసి, ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్‌తో తిప్పించు, పది సెకన్లకోసారి ఆపుతూ. మొదటి 500 కిలోమీటర్లు లోడు వద్దు, ఒకే వేగంలో గంటలకొద్దీ తోలకు. ఆ 500కి ఆయిలూ ఫిల్టరూ మార్చు. తర్వాత వెయ్యి కిలోమీటర్లు సగం లోడే. సాలూరు అవతల సుంకి ఘాటు కిరాయిలు అప్పటిదాకా ఒప్పుకోకు, ఎవరెంత బతిమాలినా.

ఇంకో మాట. పలాస, సోంపేట వైపు ఉప్పుగాలిలో తిరిగే బండి నీది, పైగా చేపల లోడు. డబ్బు పెట్టేముందు చాసిస్ వెనకభాగం, కమాన్‌పట్టీలు బిగించేచోట, సుత్తితో కొట్టి చూడు. ఖంగుమంటే ఇంజన్ పని మొదలుపెట్టు. మొద్దుగా మోగి పెచ్చులు రాలితే ఇంజన్ మాట పక్కనపెట్టి నాకు ఫోను చెయ్యి.

హెడ్డు ఎప్పుడు విప్పుతారో ముందురోజు చెప్పు. బోర్ గేజీ ఫీలర్ గేజీ బస్సులో వేయిస్తాను.

మీ మావయ్య