తొలి మొబైల్ ఇంటర్నెట్ మన దగ్గర ఎందుకు నిలబడలేదు? కోనసీమ రీఛార్జి కొట్టు నుంచి ఒక జవాబు

అడిగిన ప్రశ్న: జపాన్‌లో 1999లోనే ఫోనులో ఇంటర్నెట్ అంత పెద్ద వ్యాపారమైంది కదా, మన దేశంలో వ్యాప్, జీపీఆర్ఎస్ పేరుతో వచ్చిన తొలి సేవలు ఎందుకు నిలబడలేదు? నెట్‌వర్క్ వేగం లేకపోవడమే కారణమా?

వేగం కారణం కాదండి. ఎంత పెద్ద చదువు చదివినవారు చెప్పినా ఈ మాట నేను ఒప్పుకోను. ఎన్‌టీటీ డొకోమో అనే జపాన్ ఫోను కంపెనీ 1999 ఫిబ్రవరి 22న ఐ-మోడ్ అనే ఫోను ఇంటర్నెట్ సేవను మొదలుపెట్టిన నాడు దాని వేగం సెకనుకు 9,600 బిట్లు. వ్యాప్ అంటే చిన్న ఫోను తెరకు సరిపడే పేజీలు చూపించే పద్ధతి, దాని వేగమూ మొదట్లో అంతే. అదే వేగంతో వాళ్లు రెండేళ్లు తిరిగేసరికి దాదాపు 2 కోట్ల మంది ఖాతాదారులను సంపాదించారు. మన దగ్గర ఫోనులోని ఇంటర్నెట్ మెనూలోకి పొరపాటున వెళ్లినవారే తప్ప కావాలని వెళ్లినవారిని నేను పెద్దగా చూడలేదు. చూడలేదని ధైర్యంగా ఎందుకు అంటున్నానంటే, 2004 నుంచి పి.గన్నవరంలో నాకు రీఛార్జి కొట్టు ఉండేది. జనం ఫోనులో ఏం నొక్కుతారో, దేనికి భయపడతారో కౌంటరు ఇవతల కూర్చుని చూసినవాడిని.

తేడా అంతా డబ్బు వసూలు చేసిన తీరులో ఉంది. వ్యాప్‌లో మామూలు కాల్ లాగే నిమిషాల లెక్క. పేజీ తెరుచుకున్నా తెరుచుకోకపోయినా మీటరు తిరుగుతూనే ఉండేది. ఐ-మోడ్‌లో నెలకు 300 యెన్లు కట్టాలి, ఆపైన 128 బైట్ల ప్యాకెట్ ఒక్కొక్కదానికి 0.3 యెన్. ఎంత సమాచారం వస్తే అంతకే ఖర్చు, చదువుతూ కూర్చుంటే ఖర్చు లేదు. ఇంతవరకు అందరూ చెప్పేదే.

చాలామంది దాటేసే అసలు సంగతి 9 శాతం. సైటు నడిపేవారు నెలకు 300 యెన్లలోపు చందా పెట్టుకోవచ్చు. ఆ చందాను డొకోమో తన ఫోను బిల్లులోనే కలిపి వసూలు చేసి, 9 శాతం తాను ఉంచుకుని, మిగిలిన 91 శాతం సైటు వారికి ఇచ్చేసేది. బాండాయ్ అనే బొమ్మల కంపెనీ రోజుకో కార్టూన్ బొమ్మ పంపిస్తూ నెలకు 100 యెన్లు తీసుకునేది. పేజీలు తయారు చేయడానికి కొత్త విద్య కూడా అక్కరలేదు, అందరికీ తెలిసిన హెచ్‌టీఎంఎల్‌నే కాస్త కుదించి వాడారు. వ్యాప్‌కు మాత్రం డబ్ల్యూఎంఎల్ అని వేరే భాష నేర్చుకోవాలి. అందుకే అక్కడ డొకోమో అధికారిక జాబితాలో లేని సైట్లు కూడా జాబితాలో ఉన్నవాటిని మించి పుట్టుకొచ్చాయి. అవన్నీ ప్యాకెట్లు ఖర్చు చేయించేవే కాబట్టి ఆ లాభమూ డొకోమోదే. చిన్న వాటా తీసుకుంటే తయారు చేసేవారు పెరుగుతారు, వారు పెరిగితే వాడకం పెరుగుతుంది. ఆ వ్యూహమంతా ఇంతే.

మన దగ్గర ఆపరేటరే, అంటే ఫోను కంపెనీయే, సగానికి పైగా ఉంచుకునేవాడు. మధ్యలో అగ్రిగేటర్ అనే దళారి ఇంకొంత తీసుకునేవాడు. పాట అయితే మిగిలిన దానిలో హక్కుదారులకు పోయేది. ఇక కొత్తగా ఏదైనా చేసేవాడికి ఏం మిగులుతుంది? అందుకే పెద్ద శ్రమ లేకుండా అమ్ముడుపోయేవే ఫోన్లలోకి వచ్చాయి. రింగ్‌టోన్లు, క్రికెట్ స్కోరు, రాశిఫలాలు, జోకులు.

దీన్ని నేను నమ్మడానికి కారణం 2006 ఆగస్టులో వచ్చిన గోదావరి వరద.

మా వైపు వరదకాలంలో ఎవరు ఎవరికి ఫోను చేసినా మొదటి మాట ఒకటే, "ధవళేశ్వరంలో ఎంత ఉందండీ?" అక్కడి బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ మూడు అంకెలు మా లంకల్లో చిన్నపిల్లలకు కూడా నోటికి వస్తాయి. మొదటి హెచ్చరికకు సామాను అటక ఎక్కిస్తారు. రెండోదానికి పశువులను ఏటిగట్టు మీదికి తోలతారు. మూడోది వచ్చిందంటే మనుషులు కూడా కదలాల్సిందే. ఆ అంకె ఒక పూట ముందు తెలిస్తే గేదె బతుకుతుంది, ధాన్యం బస్తా బతుకుతుంది.

ఆ ఏడాది కోనసీమలో ఏటిగట్లకు గండ్లు పడ్డాయి. కరెంటు పోయింది, టీవీలు లేవు. ఊడిమూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట వైపు నుంచి పడవల మీద ఇవతలికి వచ్చినవారు చాలామంది మా కొట్టు ముందు ఆగేవారు. రీఛార్జి కార్డు కొనేది ఎందుకంటే, ధవళేశ్వరంలోనో రాజమండ్రిలోనో ఉన్న చుట్టాలకు ఫోను చేసి మట్టం అడగడానికి. ఒకరు అడిగి పెట్టేస్తారు, పక్కనే నిలబడినవారు మళ్లీ అదే ప్రశ్న ఇంకెవరినో అడుగుతారు. లైన్లు దొరికేవి కావు. చివరికి నేను మా అమ్మాయి పలక తెచ్చి కొట్టు బయట వేలాడదీసి, వచ్చిన అంకె, వచ్చిన సమయం రాయడం మొదలుపెట్టాను. ఇద్దరు వేర్వేరు చుట్టాలు చెప్పిన అంకెలు కలిస్తేనే రాసేవాడిని. రాత్రి లాంతరు పెట్టి పలక కనబడేలా ఉంచాను. గట్టు మీద గుడారాల్లో ఉన్నవారు పిల్లలను పంపి ఆ అంకె చదివించుకుని వెళ్లేవారు.

ఆ రాత్రి బూరుగులంక నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన ఫోను నా చేతికిచ్చి, "ఇందులో అన్నీ వస్తాయని అమ్మినవాడు చెప్పాడు బాబూ, ఏటి నీళ్లు ఎంతున్నాయో చూసిపెట్టు" అని అడిగారు. మెనూ తెరిచాను. క్రికెట్ ఉంది, జ్యోతిషం ఉంది, సినిమా కబుర్లు ఉన్నాయి, నటీమణుల బొమ్మలు ఉన్నాయి. గోదావరి లేదు. ఆయన గేదెలు ఇంకా లంకలోనే ఉన్నాయి. ఆ మెనూ చూస్తున్నంతసేపూ ఆయన బ్యాలెన్స్ తరుగుతోంది. నేను ఫోను తిరిగిచ్చి పలక చూపించాను. ఆయన ఆ అంకె చూసి, ఒక్క మాట కూడా అనకుండా, పడవవాడిని లేపి తీసుకుని వెళ్లిపోయారు. తెల్లారేసరికి గేదెలను గట్టు ఎక్కించారు.

ఇప్పుడు చెప్పండి, ఆ రాత్రి ఆ అంకెకు ఐదు రూపాయలు పెట్టినా కొనేవారు లేరంటారా? లంకల్లోనే కాదు, ధవళేశ్వరం దిగువన నరసాపురం దాకా, అంతర్వేది దాకా కొనేవారు. వరద లేని రోజుల్లో అంబాజీపేట కొబ్బరి ధర, రావులపాలెం అరటి ధర, చెరువుల వారికి రొయ్యల కౌంటు ధర. డెల్టాలో అమ్ముకోవడానికి సమాచారం కొదవా? ఆ రోజుల్లో కొబ్బరి రైతు ధర తెలుసుకోవాలంటే దళారినే అడగాలి. ధర చెప్పేదీ ఆయనే, కొనేదీ ఆయనే.

అప్పటికి ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు వరద తగ్గగానే ఈ పనిమీద కూర్చున్నాడు. ఒక షార్ట్ కోడ్‌కు, అంటే ఇలాంటి సేవలకు ఇచ్చే పొట్టి నంబరుకు, మెసేజ్ పంపితే ధవళేశ్వరం మట్టం తిరిగి రావాలి. బ్యారేజీ దగ్గర ఉండే వాడి స్నేహితుడు గంటకోసారి అంకె చూసి పంపడానికి ఒప్పుకున్నాడు. ప్రోగ్రాం కూడా రాశాడు, మా కొట్టులో కంప్యూటర్ మీద పని చేసి చూపించాడు. తర్వాత ఒక కంపెనీ కార్యాలయానికి, అక్కడి నుంచి అగ్రిగేటర్ దగ్గరికి వెళ్లాడు. వచ్చి లెక్క చెప్పాడు. "మావయ్యా, మనిషి దగ్గర 3 రూపాయలు తీసుకుంటారు. సగానికి పైన కంపెనీకి, ఆ మిగిలిన దానిలో పెద్ద వాటా మధ్యవాడికి. షార్ట్ కోడ్ అద్దె నేను కట్టాలి. నాకు మెసేజ్‌కు అర్ధరూపాయి కూడా రాదు. అద్దెకే చాలదు." అదే జపాన్ లెక్క అయితే 3 రూపాయల్లో 27 పైసలు కంపెనీకి పోయి 2 రూపాయల 73 పైసలు వాడికి వచ్చేవి. వాడు ఆ పని వదిలేసి ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లిపోయాడు. ఇలాంటి కుర్రవాళ్లు ప్రతి జిల్లాలోనూ ఉండే ఉంటారని నా గట్టి నమ్మకం. వారందరినీ ఆ వాటా లెక్కే తరిమేసింది.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. అడగకుండా తగిలించిన కాలర్ ట్యూన్లు. రికార్డు చేసిన గొంతు ఫోను చేసి ఏదో అంకె నొక్కమంటుంది. కువైట్‌లో ఉన్న కొడుకు చేశాడనుకుని ఎత్తిన తల్లి ఏదో ఒకటి నొక్కుతుంది. నెలకు 30 రూపాయలు పోతాయి. ఎందుకు పోయాయో తెలియక నా కొట్టుకు వచ్చి, నేనే బ్యాలెన్స్ తక్కువ వేశానని అనుకునేవారు. కస్టమర్ కేర్‌కు ఫోను చేసి ఆ సేవ తీయించడం నా పనిలో భాగమైపోయింది, దానికి నాకెవరూ కమీషన్ ఇవ్వలేదు. ఫోను మధ్యలో ఉన్న మీట పొరపాటున తగిలితే ఇంటర్నెట్ తెరుచుకునే సెట్లు కూడా ఉండేవి. ఆ మీట నొక్కవద్దని ఇంట్లో పిల్లలకు చెప్పి ఉంచేవారు. మనుషులు తాకడానికే భయపడే మీట మీద ఏ వ్యాపారం నిలబడుతుంది? చందాదారు నుంచి ప్రత్యేకంగా ధ్రువీకరణ తీసుకోకుండా ఇలాంటి సేవలకు డబ్బు కోయకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించేసరికి 2011 జులై వచ్చింది. తర్వాత వాటిని ఆపించుకోవడానికి 155223 నంబరు పెట్టారు. అప్పటికే నమ్మకం పోయింది.

పాటల సంగతి అంటారా, మెమరీ కార్డులో పాటలు ఎక్కించే కొట్లు ప్రతి సెంటరులో వెలిశాయి. కంపెనీ ఒక్క పాట ముక్కకు తీసుకునే డబ్బుతో వాళ్లు కార్డు నిండా ఎక్కించేవారు. తెలుగు అక్షరాలు చాలా ఫోన్లలో డబ్బాలుగా కనబడే కాలమది. తెలుగు చదవలేని ఫోనులో తెలుగువాడికి సమాచారం అమ్ముతామని కూర్చున్నారు, దాని గురించి ఒక్క కంపెనీ అయినా పట్టించుకున్నట్టు నాకు కనబడలేదు.

జపాన్‌లో ఫోను సెట్టు ఎలా ఉండాలో డొకోమోయే తయారీదారులకు చెప్పి చేయించుకునేది, మన దగ్గర ఆ వీలు లేదు కదా అని కొందరు అంటారు. ఆ మాటలో నిజముంది. ఐరోపాలో ఐ-మోడ్ తెచ్చుకున్న కంపెనీలు దెబ్బతినడానికి అదీ ఒక కారణమే. కానీ మన దగ్గర ఆ వీలు ఒకరికి దొరికింది. 2003లో రిలయన్స్ 501 రూపాయల పథకంతో సీడీఎంఏ అనే పద్ధతిలో, తన నెట్‌వర్క్ మీదే పనిచేసే సెట్లు ఇచ్చింది. నెట్‌వర్కు, సెట్టు, ఆర్-వరల్డ్ అనే వాళ్ల సమాచార మెనూ అన్నీ ఒకరి చేతిలోనే ఉన్నాయి. మా ఊళ్లో ఆ సెట్లు కొల్లలు. కాల్స్ మాట్లాడుకోవడానికి అవి బాగా పనికొచ్చాయి. మెనూలో మాత్రం మా కొబ్బరీ లేదు, మా గోదావరీ లేదు. 2009లో డొకోమోయే టాటాలతో కలిసి మన దేశానికి వచ్చింది. ఇప్పుడైనా ఆ 9 శాతం లెక్క తెస్తారని నేను చాలా ఆశపడ్డాను. వాళ్లు తెచ్చి పేరు తెచ్చుకున్నది సెకనుకు ఒక పైసా లెక్క. అది మంచిదే, జనానికి మేలు జరిగింది. కానీ నేను ఎదురుచూసింది అది కాదు.

ఈలోగా 2008లో యాపిల్ తన యాప్ స్టోరులో తయారు చేసినవారికి 70 శాతం ఇస్తామంది. ప్రపంచమంతా అటు పరుగెత్తింది. 9 కాకపోయినా 30 కోత, మన కంపెనీల కోత కంటే చాలా తక్కువ. ఆపరేటర్ల చేతిలో ఉండాల్సిన అంగడి ఫోను తయారు చేసేవారి చేతికి పోయింది.

2016లో జియో వచ్చి డేటా చవక చేశాకే అంతా మొదలైందని మీరు అనవచ్చు. చవక కావడం పెద్ద విషయమే. అయితే ఐ-మోడ్ ఏమీ చవక కాదు, ప్యాకెట్ల బిల్లు చూసి గుండె ఆగినంత పనైన ఇళ్లు జపాన్‌లోనూ ఉన్నాయి. అయినా వాడారంటే వారికి పనికొచ్చేది అందులో ఉంది కాబట్టి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మట్టం ఎంతో మా లంకల్లో గంటగంటకూ వాట్సాప్‌లో తిరిగింది. పంపినవారు ఊరివాళ్లే, ఎవరూ పైసా అడగలేదు. టెలికాం కంపెనీకి అందులో నెలవారీ రీఛార్జి తప్ప ఇంకేమీ రాలేదు. మా మేనల్లుడికి ఆ 2 రూపాయల 73 పైసలు ఇచ్చి ఉంటే, పదహారేళ్ల ముందే ప్రతి మెసేజ్ మీదా 27 పైసలు వారికి వచ్చేవి.