లాన్‌లో లద్దెపురుగుకు కొట్టిన మందు పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

మందు పడని మడి పక్కన లేకపోతే తెలియదండీ. కడియం నర్సరీల్లో లాన్ పెంచేవాళ్లయినా సరే, ఒక్కో మందుకి 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు మడులు నాలుగు, ఏమీ కొట్టనివి నాలుగు పెట్టుకోవాలి. అన్నీ కలగలిపి ఉండాలి, పురుగు అంతటా ఒకేలా ఉండదు కాబట్టి.

లెక్కపెట్టడమే అసలు తంటా. పగలు పురుగు గడ్డి మొదట్లో నక్కి ఉంటుంది. 4 లీటర్ల నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం రెండు పెద్ద చెంచాలు కలిపి చదరపు మీటరు మీద పోస్తే పది నిమిషాల్లో పైకి పాకుతుంది. 3వ రోజు ఒక మూల, 7వ రోజు ఇంకో మూల చూడండి. కొట్టని చోట 20, కొట్టిన చోట 4 దొరికితే 80 శాతం పోయినట్టు.

క్లోరాంట్రానిలిప్రోల్ అనే పురుగుమందు తిన్న పురుగు తిండి వెంటనే మానేస్తుంది, చావడానికి మాత్రం రోజులు పడుతుంది. మర్నాడే చూసి దండగ మందు అనేయకండి. పిచికారీ సాయంత్రమే, వాన లేని రోజు చూసుకుని.